ఎన్నేళ్ళు ఏలతావు?

తడిసిన ఉన్ని వాసన ఎవరికి ఏం గుర్తు చేస్తుందో నాకు తెలియదు. నాకు మాత్రం అప్పలస్వామి మాస్టారు గుర్తొస్తారు. మొన్న గరాజులో పాత పెట్టె తెరిచి, అడుగున మడిచిపెట్టిన బూడిదరంగు కంబళి పైకి తీశాను. ఆస్ట్రేలియాలోని మా టూవూంబా ఊరి చలికాలపు వానకి పైకప్పు ఎక్కడో కారి ఒక అంచు నాని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు గొర్రె వాసన, దాని వెనక ఎప్పటిదో బొగ్గుల పొగ. ఆ పొగ దగ్గరే మా తెలుగు సంఘం పుట్టింది. నన్నడిగితే కొన్నాళ్ళకే చచ్చిపోయింది కూడా. కాకపోతే ఆ సంగతి దానికింకా తెలియదు.

కంబళి ఎందుకు తీశానంటే, సంఘం అధ్యక్షుడు కిరణ్ ఫోన్ చేశాడు. "ఆంటీ, సంఘం స్టార్ట్ అయినప్పటి ఓల్డ్ థింగ్స్ ఏమైనా ఉంటే తీసుకురండి, హాల్లో డిస్‌ప్లే పెడుతున్నాం" అన్నాడు. కిరణ్ మా మొదటి అధ్యక్షుడు డాక్టర్ ప్రభాకర్ గారి కొడుకు. తండ్రి పోయాక కుర్చీ కొడుక్కి వచ్చింది. ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడగడమనే అలవాటు మాకు ఏనాడో పోయింది. అది పోయిన రోజున నేను అక్కడే ఉన్నాను కాబట్టి, మాస్టారిని ఎరగని మీకు ఆయన సంగతి నేనే చెప్పాలి.

మాస్టారు ఫీజీ నుంచి వచ్చినవారు. ఆయన తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల కూలికని ఓడెక్కి వెళ్ళాడట. మాస్టారు అక్కడే పుట్టి పెరిగి, లౌటోకా దగ్గర ఒక హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. సైన్యం తుపాకులతో పార్లమెంటులోకి నడిచొచ్చేనాటికి ఆయనకి యాభై దాటాయి. మరుసటి ఏడు భార్య రత్తమ్మ గారిని తీసుకుని ఆస్ట్రేలియా వచ్చేశారు. ఆ వయసులో ఇక్కడి స్కూళ్ళలో ఉద్యోగం ఎవరిస్తారు? చర్చి హాల్లో శనివారం మధ్యాహ్నాలు పెద్దవాళ్ళకి చరిత్ర చెప్పే పని ఒకటి దొరికింది. వినడానికి వచ్చేది అయిదారుగురం. నేనప్పటికి తెనాలి నుంచి వచ్చి ఏడాది కాలేదు. హిస్టరీ ఎమ్మే చదివి, ఇక్కడి వంటింట్లో కూర్చుని, మా ఆయన జోసెఫ్ ఆసుపత్రి ల్యాబ్ నుంచి ఎప్పుడొస్తాడా అని గోడ వంక చూస్తుండేదాన్ని. చదివిన చదువంతా గంగలో కలిసిందని కుళ్ళి కుళ్ళి ఏడ్చిన రోజులవి. శనివారం మధ్యాహ్నం ఒక్కటే నాకు ఊపిరాడేది.

మొదటి పాఠం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. క్లాసులో కెన్ అని రిటైరైన గొర్రెల రైతు ఒకాయన ఉండేవాడు. మాస్టారు ఆయన్ని తీసుకెళ్ళి వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. "ఈయన పాతకాలపు యూరప్ రాజు. దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. దేశం ఈయన సొత్తు. ఈయన నోట్లోంచి వచ్చిందే చట్టం. ఎవరైనా వెళ్ళి ఏదైనా అడగండి" అన్నారు. అంతా నవ్వి ఊరుకున్నాం. తర్వాత కుర్చీ తీసేసి, కెన్ చేతే ఇంటి నుంచి తెప్పించిన కంబళి నేల మీద పరిచి, దాని మీద కూర్చోబెట్టారు. దళసరిగా, ఉన్నిని నొక్కి చేసిన కంబళి. "ఇప్పుడీయన మధ్య ఆసియా గడ్డి మైదానాల తురుష్కుల ఏలిక. వాళ్ళ మాటలో కగాన్. ఈయనా ఆకాశమే తనకి రాజ్యమిచ్చిందంటాడు. కానీ జనం పస్తులుంటే ఆకాశం ఇచ్చిందాన్ని వెనక్కి తీసేసుకుంటుందని అందరికీ తెలుసు, ఈయనకీ తెలుసు. మరి ఎంతకాలం ఏలతాడో ఎలా తేలుస్తారు?"

అప్పుడు చెప్పారు ఆ ఆచారం. కొత్త కగాన్‌ని పెద్దలంతా కంబళి మీద కూర్చోబెట్టి పైకెత్తి, సూర్యుడు తిరిగే వైపు తిప్పుతారట. గుర్రమెక్కించి దింపుతారట. ఆ తర్వాత మెడకి పట్టు గుడ్డ చుట్టి, ఊపిరి ఆగిపోతుందేమో అన్నంత వరకు బిగించి, ఒక్కసారి వదిలి అడుగుతారట: ఎన్నేళ్ళు ఏలతావు? ఆ మగతలో వాడు గొణిగిందే వాడి గడువు. కెన్ తన మెడ తడుముకుని, ఇలాంటిది మన ప్రధానమంత్రులకీ పెడితే బాగుండునన్నాడు.

పాఠం అయ్యాక మాస్టారు నాతో తెలుగులో మాట్లాడేవారు. ఆయనది తాతల నాటి విశాఖ వైపు తెలుగు. మా ఆంధ్రా వాళ్ళు కొందరు దాన్ని వెనకాల వెక్కిరించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. మాకంటే ఎక్కువ జాగ్రత్తగా ఆ మాటల్ని సముద్రాలు దాటించి దాచుకున్నారు వాళ్ళు.

"అయితే మాస్టారూ, వాళ్ళది ప్రజాస్వామ్యమే కదా?" అని అడిగాను ఒకసారి.

"కాదమ్మా. అలగ రాసీకు ఎక్కడా. గొర్రెలు కాసీవోణ్ణి ఎవులడిగారు? కొలువులో కూకున్నోలు తెగల పెద్దలు. బానిసలున్నారు. కుర్చీ కోసం అన్నదమ్ములు కోసుకు చచ్చారు. నే చెప్పీది ఒకటే. ఏలీవోడికి పైన ఆచారం ఒకటుందని ఆలకి తెలుసు. తోరె అంటారు దాన్ని. కగాన్ కన్నా ముందు పుట్టింది, కగాన్ పోయాకా ఉంటాది. ఈ రాజుల దగ్గర రాజు నోట్లోంచి చట్టం వస్తాది. ఆల దగ్గర చట్టం ఒప్పుకుంటే రాజొస్తాడు."

"ఖాతూన్ గురించి చెప్పలేదేం? కగాన్ పెళ్ళాం పక్కనే కూర్చునేదన్నావు, పై దేశాల నించి వచ్చిన దూతలు ఆవిడికీ దండం పెట్టీవోరన్నావు" అన్నారు పక్కనే కప్పులు కడుగుతున్న రత్తమ్మ గారు. "మరి ఫీజీలో ఇల్లు అమ్మినప్పుడు నన్ను ఏ దూత అడిగాడు?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఫీజీ మనిషి తురుష్కుల వెంట ఎందుకు పడ్డాడో నేను అడక్కుండానే చెప్పారు. సైన్యం వచ్చిన వారం క్లాసులో రాజుల పాఠం చెబుతుంటే ఒక ఆడపిల్ల లేచి, "సార్, ఇప్పుడీ కర్నల్‌ని ఎవరడుగుతారు?" అందట. ఆయన పుస్తకం మూసేసి ఇంటికి వెళ్ళిపోయారట. ఆ తర్వాత, అడిగినవాళ్ళు లోకంలో ఎక్కడైనా ఉన్నారా అని లైబ్రరీలో పుస్తకాలన్నీ తిరగేస్తే ఈ కంబళి కనపడింది. "ఒక్కసారి చూస్తే చాలమ్మా. అడగడం, జవాబు చెప్పడం, చెప్పిన మాట మీద దిగిపోడం. నా కళ్ళతో ఒక్కసారి చూస్తే, ఆ పిల్లకి జవాబు చెప్పినట్టే నాకు" అన్నారు. ఆయన కోరుకున్నది అంతే. నా జీవితంలో ఇంతకన్నా చిన్న కోరిక కోరుకున్న మనిషిని నేను చూడలేదు.

ఆ ఏడాది చివర పార్కులో బార్బెక్యూ పెట్టుకుని తెలుగు సంఘం మొదలుపెట్టాం. పదిహేను కుటుంబాలు ఉంటాయేమో. ఆంధ్రా డాక్టర్లు, మాలాంటి చర్చి వాళ్ళు, ఫీజీ తెలుగు వాళ్ళు. అధ్యక్షుడెవరనేదానికి చర్చే లేదు. డాక్టర్ ప్రభాకర్ గారు చాలా మంచి మనిషి, ఇది నేను మనసులో ఏమీ పెట్టుకోకుండా చెబుతున్నాను. జోసెఫ్‌కి ల్యాబ్ ఉద్యోగం ఆయన మాట మీదే వచ్చింది. కొత్తగా దిగినవాళ్ళని బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టు నుంచి తన కారులో తెచ్చేవారు, తన ఇంట్లో పెట్టుకునేవారు, ఇల్లు వెతికిపెట్టేవారు. ఆయన చేతి అన్నం తినని కుటుంబం మాలో లేదు.

"అయితే తురుష్కుల పద్ధతిలో పట్టం కడదాం" అన్నారు మాస్టారు, కెన్ తనకే ఇచ్చేసిన కంబళి కారులోంచి తెచ్చి. అందరికీ సరదా పుట్టింది. డాక్టర్ గారు బూట్లు విప్పి నవ్వుతూ కూర్చున్నారు. ఎనిమిది మంది మగవాళ్ళు అంచులు పట్టుకుని లేపి, "అమ్మో, బరువున్నారండీ" అంటూ గుండ్రంగా తిప్పారు. దింపబోతుంటే మాస్టారు ఆపి, తన భుజం మీది పట్టు కండువా డాక్టర్ గారి మెడకి చుట్టి, రెండు చేతులా ఉత్తుత్తినే బిగించారు. జోసెఫ్ కెమెరా క్లిక్‌మనిపించాడు.

"ఎన్నేళ్ళు ఏలతావు?"

"టూ ఇయర్స్, మాస్టారూ, టూ ఇయర్స్. వదిలేయండి, స్నాగ్స్ మాడిపోతున్నాయి" అన్నారు డాక్టర్ గారు, పొయ్యి మీది సాసేజ్‌ల వంక చూస్తూ. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు నవ్వలేదు. కండువా మడిచి భుజాన వేసుకుంటూ ఆయన మొహంలో కనిపించిన తృప్తి చూసి, ఇదంతా ఆయనకి ఆట కాదని నాకప్పుడు అర్థమైంది.

గడువు దగ్గర పడుతున్న రోజుల్లోనే సోవియట్ యూనియన్ ముక్కలైంది. కగాన్‌లు తిరిగిన ఆ మైదానాలు విడివిడి దేశాలయ్యాయి. మాస్టారు పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చి, నన్నూ రత్తమ్మ గారినీ కారెక్కించి, ఊరికి పడమటగా డార్లింగ్ డౌన్స్ గడ్డి భూముల్లోకి తీసుకెళ్ళారు. కారాపి దిగి చాలాసేపు ఆ ఖాళీలోకి చూస్తూ నిలబడ్డారు. "ఆలు మళ్ళీ కూకుంటారమ్మా. మళ్ళీ కంబళి పరుస్తారు" అన్నారు. కొన్ని వారాలకే చాలాచోట్ల పాత పార్టీ పెద్దలే కొత్త కుర్చీల్లో సర్దుకున్నారని వార్తలొచ్చాయి. ఆయన ఇక ఆ పేపర్ల సంగతి ఎత్తలేదు. "మనది పదిహేను కుటుంబాల దేశం. ఇక్కడైనా జరగాల" అన్నారు నాతో. ఆ మాట విన్నప్పుడే నాకు భయమేసింది.

రెండేళ్ళకి సర్వసభ్య సమావేశం ఒక స్కూలు హాల్లో పెట్టారు. అజెండాలో ఎన్నిక లేదు. డాక్టర్ గారు రాబోయే ఉగాది కార్యక్రమం గురించి చెప్పడం అయ్యాక, ఇంకెవరైనా మాట్లాడతారా అన్నారు. మాస్టారు లేచారు. చంకలో కంబళి. దాన్ని నడిమధ్యలో నేల మీద పరిచి, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"డాక్టర్ గారూ, రెండేళ్ళన్నారు. అయిపోనాయి. దిగి మళ్ళీ కూకోండి. మిమ్మల్నే ఎత్తుతాం. కానీ అడిగి ఎత్తుతాం."

డాక్టర్ గారు నవ్వారు. "మాస్టారూ, అది జోక్ కదండీ. ఇప్పుడెందుకు, లంచ్ టైమ్ అయింది."

"నాకు జోకు కాదు బాబూ."

"నేనేమైనా తప్పు చేశానా? ఎవరికైనా అన్యాయం చేశానా? చెప్పండి."

"లేదు. మంచోరు కాబట్టే అడుగుతున్నాను. చెడ్డోణ్ణి అడగడానికి ఆడు టైమిస్తాడా? మంచోరున్నప్పుడే అడగడం అలవాటు చేసుకోవాల."

అంతవరకూ బాగానే ఉంది. ఆయన అన్న మాటలో పొల్లు లేదు. డాక్టర్ గారు కూడా ఒక్క క్షణం తగ్గినట్టే కనపడ్డారు. తర్వాత చుట్టూ చూశారు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. చిన్నబోయిన మనిషి నోటికి ఏది దొరికితే అది విసురుతాడు.

"మీ ఫీజీలో అడిగే అలవాటు అంత బాగా ఉంటే, మీరిక్కడ ఎందుకున్నారు మాస్టారూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు నోరు తెరిచారు. ఉత్తుత్తినే కాదు, నిజంగానే ఆయన మెడకి ఎవరో గుడ్డ బిగించినట్టు నిలబడిపోయారు. నేను లేచి నిలబడ్డాను. జోసెఫ్ నా చీర చెంగు పట్టుకుని లాగాడు. "సుగుణా, కూర్చో. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు గొంతు తగ్గించి. నేను కూర్చోలేదు. "మాస్టారు అడిగింది న్యాయం. ఎన్నిక పెట్టాలి. ఒప్పుకునేవాళ్ళు నాతో నిలబడండి" అన్నాను. నాకు ఒక్కొక్కరి మొహం గుర్తుంది. గుటకలు మింగినవాళ్ళు, వాచీ చూసుకున్నవాళ్ళు, పిల్లాడి బూటు లేసు కట్టడానికి వంగినవాళ్ళు. ఫీజీ కుటుంబాలూ తల ఎత్తలేదు. వాళ్ళలో సగం మందికి పనులు చూపించింది డాక్టర్ గారే. వెనక వరసలోంచి ఎవరి పిల్లో "మమ్, కెన్ వి ఈట్ నౌ?" అంది. కుర్చీలు కదిలాయి. అంతే. ఎన్నిక లేదు, ఓటు లేదు, ఓడిపోయామని చెప్పేవాళ్ళు కూడా లేరు. భోజనాల దగ్గరికి వెళ్ళేవాళ్ళు కంబళి తొక్కకుండా పక్కనుంచి జాగ్రత్తగా నడిచారు. ఆ మర్యాద చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఉగాదికి రత్తమ్మ గారు పెద్ద గిన్నెతో పులిహోర చేసుకుని పార్కుకి వచ్చారు. మేమూ వెళ్ళాం. పార్కులో ఎవరూ లేరు. బెంచీల మీద మాగ్‌పై పిట్టలు తిరుగుతున్నాయి. చోటు మార్చారట. మార్చినట్టు మిగతా అందరికీ ఫోన్లు వెళ్ళాయి. మా నలుగురికీ రాలేదు. జోసెఫ్ మొహం నల్లబడిపోయింది. ఆ రోజు నుంచి నా చెంగు లాగలేదు గానీ, నాతో పాటు నిలబడనూ లేదు. నలుగురం కంబళి మీద కూర్చుని పులిహోర తిన్నాం. మాస్టారు నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని, "బాగుందే రత్తా" అన్నారు. ఆవిడ తల దించుకుని కళ్ళు ఒత్తుకుంది. ఒక దేశం తుపాకీతో పొమ్మంటే వచ్చారు. ఇక్కడ పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

అటు తర్వాత చర్చి హాల్లో క్లాసు మానేశారు. వాళ్ళబ్బాయి బ్రిస్బేన్‌లో ఉండేవాడు, అక్కడికి వెళ్ళిపోయారు. నేను మళ్ళీ చదువుకుని హైస్కూల్లో చరిత్ర టీచరునయ్యాను, అది ఆయన పెట్టిన భిక్షే. ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తే, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. నా మాట విని ఇటు తిరిగారు. పిల్లలకి ఏం చెప్పమంటారు అని అడిగాను.

"తురుష్కులూ ఆఖరికి అడగడం మానీసినారమ్మా. తరవాత తరవాత కోటలు కట్టుకున్నారు, సుల్తాన్లయ్యారు, తెర వెనక కూకున్నారు. నీకు ఆ ఆఖరు ముక్క చెప్పలేదు నేను. చెప్పబుద్ధి కాలేదు." మళ్ళీ గోడ వైపు తిరుగుతూ, "అడిగీవోడు ఒక్కడైతే చాలనుకున్నాను. కంబళిని ఒక్కడే ఎత్తలేడు కదా" అన్నారు. వచ్చేటప్పుడు రత్తమ్మ గారు కంబళి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇంట్లో అది కనబడితే ఆయన అన్నం ముట్టడం లేదన్నారు. ఆ చలికాలం దాటకుండానే మాస్టారు పోయారు. సంఘం నుంచి పువ్వులు వచ్చాయి. కార్డు మీద డాక్టర్ గారి సంతకం చక్కగా ఉంది.

ఇన్నేళ్ళకి, నిన్న ఆదివారం, కంబళి చంకలో పెట్టుకుని సంఘం హాలుకి వెళ్ళాను. గోడ మీద జోసెఫ్ తీసిన ఆ ఫొటోని నిలువెత్తు పెద్దది చేసి, అందంగా కత్తిరించి, పటం కట్టించి పెట్టారు. మధ్యలో డాక్టర్ ప్రభాకర్ గారు, కంబళి మీద గాలిలో, నవ్వుతూ. చుట్టూ ఎత్తి పట్టుకున్న భుజాలు. మాస్టారి మొహం కత్తిరింపులో పోయింది. కుడి అంచున రెండు చేతులు, ఆ చేతుల్లో పట్టు కండువా మాత్రం మిగిలాయి. కింద అచ్చు వేయించిన అక్షరాలు: వ్యవస్థాపక అధ్యక్షులకు పట్టు కండువాతో సన్మానం. మా వాళ్ళకి మెడలో గుడ్డ కనపడితే సన్మానమే. ఇంకోటి తోచదు.

"ఇది సన్మానం కాదు బాబూ. గొంతు బిగించి, ఎన్నేళ్ళు ఉంటావని మీ నాన్నగారిని అడుగుతున్నారు. ఆ చేతులు అప్పలస్వామి మాస్టారివి" అన్నాను కిరణ్‌తో.

"హూ ఈజ్ దట్, ఆంటీ?"

చెప్పాను. మర్యాదగా విన్నాడు. తండ్రి పోలికే, మంచి కుర్రాడు. "వావ్, ఇంట్రెస్టింగ్" అన్నాడు.

"మరి నువ్వెన్నేళ్ళు?"

అతను నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసి, "లంచ్ రెడీ ఆంటీ, మీరు ముందు తినండి" అన్నాడు. అందరూ అప్పటికే ప్లేట్లు పట్టుకుని వరసలో ఉన్నారు. ఒకరిద్దరు నన్ను చూసి పలకరింపుగా నవ్వి, మళ్ళీ ముందుకి తిరిగారు.

కంబళి వాళ్ళకి ఇవ్వలేదు. వెనక్కి తెచ్చేసుకున్నాను. ఇవాళ ఎండ వస్తే పెరట్లో తీగ మీద ఆరేద్దామని పట్టుకెళ్ళాను. ఉన్ని, అందులోనూ తడిసినది, మహా బరువు. ఒక మూల పైకెత్తి వేస్తే ఇంకో మూల జారి మట్టిలో పడింది. నాలుగు మూలలూ ఎత్తిపట్టడానికి నలుగురు కావాలి. నాకున్నవి ఈ రెండు చేతులే.